సుద్ద రాసిన గొంతు

మరిడమ్మ సీమకోడి పుంజు
దీపావళి బాంబులకి బెదిరి
యారాడ కొండెక్కిపోయి నాలుగోరోజు.
క్రిస్మస్‌కని కేటరింగ్ జోసెఫ్ ఇచ్చిన అడ్వాన్సు
అప్పుడే ఖర్చైపోయింది.
"ఏటి సేసేది గురువులుబావా" అని
నా గడపలో కూలబడింది.

ముప్పైరెండేళ్ళు షిప్‌యార్డ్‌లో పేట్రన్ మేకర్ని.
ఇనుముకి ఏ రూపం కావాలో
ముందు కర్రతో చేసి చూపించేవాణ్ణి.
నా కర్రని ఇసకలో అదిమి, తీసేసి,
ఆ గుంటలో కరిగిన ఇనుము పోసేవారు.
ఇనుము సముద్రం మీదకి పోయేది.
కర్ర తుక్కులోకి.
రిటైరైన రోజు ఆ తుక్కులోంచి
ఒక టేకు వాల్వు అడిగి తెచ్చుకున్నాను.
పదేళ్ళుగా తలుపు కొట్టుకోకుండా
దాన్నే అడ్డం పెడుతున్నాను.

దాన్నే కోశాను.
అడుగుచెక్క జానెడు.
పక్కచెక్కలు రెండూ చిత్రిక పట్టి, పట్టి,
ఎండకి ఎత్తితే వేలి నీడ కనిపించేదాకా.
మూతకి టేకు చాల్లేదు.
పోర్టు గోడౌను గోడవార పడున్న పేకింగ్ పెట్టె ముక్క,
ఏ దేశపు దేవదారో,
తడవనివ్వొద్దని గుద్దిన గొడుగు బొమ్మ
సగం ఇంకా ఉంది దానిమీద.
ఒక చివర ఇత్తడి మర,
మర కింద ఎండిపోయిన పెన్నులోంచి తీసిన స్ప్రింగు.
మూత అడుగున సుద్ద,
ట్యూషన్ల రమణి ఇచ్చింది, ఎందుకో అడక్కుండానే.

తోసి చూశాను.
సింధియా జంక్షన్లో బస్సు బ్రేకేసింది.
గోడెక్కిన గుంటలు ఒకటే నవ్వు.
ఎడం పక్క అర నూలు గీశాను.
ఈసారి నూతి గిలక.
మా సత్తెమ్మ తెల్లారకముందే తోడేటప్పటి గిలక.
కాసేపు ఆపేశాను.
తర్వాత ఇంకో పావు నూలు, కొంచెం ఉప్పుకాయితం.

క్యోక్. క్యోక్. క్యోక్.
ఎవరూ పెంచని పెట్టకోడి ఒకటి
నా చేతుల మధ్య లేచి నిలబడి
ఎవర్నో కసిరినట్టు.
మరిడమ్మ పెట్ట మొన్న వానల్లో తెగులొచ్చి పోయింది.
దాని గొంతు నాకు గుర్తుందని నాకే తెలీదు.
చేతికి తెలుసు కాబోలు.

తెల్లారుజామున నేవీ కంచె దగ్గర
ఒకసారి పిలిచాను. జీడిమొక్కల్లో గాలి.
రెండోసారి. కుక్క.
అంతలో కింద ఛానెల్లో ఏదో ఓడ కూతపెడితే
కొండ నడుంలోంచి గుడగుడగుడమని జవాబు!
ఓడకి బదులిచ్చాడు వెధవ, నాకు కాదు.
రోషమొచ్చి మళ్ళీ సుద్ద రాశాను.

వచ్చింది.
తోకనిండా ముళ్ళు, ఆ తోకనే విసనకర్రలా విప్పి,
రెక్కల కొసలు రాళ్ళమీద గీసుకుంటూ,
తల ఎర్రన, నీలం, మళ్ళీ తెల్లన.
నా లుంగీ చుట్టూ ఒక చుట్టు తిరిగింది.
ఆగి, మెడ వంచి, నా వెనక్కి చూసింది.
నేనూ వెనక్కి చూశాను.

మరిడమ్మ గోనెపట్టా విసిరింది.
"నిజం పెట్టలాగే పిలిసేవు బావా" అంది,
పట్టాని బిడ్డలా సంకనేసుకుని.

క్రిస్మస్ రాత్రి ఒక కేరేజి పంపింది.
కడుపు బాగోలేదన్నాను.

పెట్టె అలమార మీద ఉంది,
మూతకీ గోడకీ మధ్య రవికగుడ్డ ముక్క.
అయినా కంటైనర్ లారీ వెళ్ళినప్పుడు
ఇల్లంతా అదిరి
ఒక్క చిన్న క్యోక్.
ఇసకలోంచి కర్ర తీసేశాక
ఇనుము వచ్చేలోపు
ఆ గుంట కాసేపు ఖాళీగా ఉంటుంది.
అక్కడిదాకానే నా పని, ఎప్పుడూ.
లేచి, దీపం వెయ్యకుండా,
గుడ్డ ఇంకొంచెం లోపలికి తోశాను.